ఎమ్మాయు ఆమడ దూరం, పోతినమల్లయ్యపాలెం ఇంకాస్త

బుధవారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పైబెర్తు దొరికింది. బ్యాగులో రెండు తెల్లచొక్కాలు, గ్రీకు నిఘంటువు, శుక్రవారం చెప్పాల్సిన ప్రసంగం కాగితాలు, అన్నిటికీ అడుగున మడతపెట్టిన పసుపుపచ్చ జెర్సీ. వీపు మీద ఏడో నంబరు, ధోనీది. హైదరాబాద్‌లో మా వేదాంత కళాశాల హాస్టల్లో దాన్ని వేసుకుని దర్జాగా తిరుగుతాను. విశాఖ రైలెక్కేసరికి మాత్రం అది బ్యాగు అడుక్కి దిగిపోతుంది.

అలాగని నాన్నకి క్రికెట్ పడదనుకునేరు. 2005 ఏప్రిల్ 5న పోతినమల్లయ్యపాలెం కొత్త స్టేడియంలో పాకిస్తాన్‌తో వన్డే జరిగితే, పోర్టులో డ్యూటీకి సెలవు పెట్టి, ఏడేళ్లవాణ్ణి నన్ను తీసుకెళ్లింది ఆయనే. జులపాల జుట్టు కుర్రాడొకడు, అదే ఈ ధోనీ, మూడో నంబరులో దిగి 123 బంతుల్లో 148 కొట్టాడు. అతనికది ఐదో వన్డే. ముందు వరసలో జనం లేచి నిలబడితే నాన్న నన్ను భుజాలకెత్తుకున్నాడు. ఆయన అంత ధారాళంగా తీసుకెళ్లడానికి కారణం ఒక్కటే. అది మంగళవారం.

ఆదివారమైతే మా ఇంట్లో టీవీ మీద గుడ్డ కప్పి ఉంటుంది. మాట వరసకి కాదు, నిజంగానే గుడ్డ, నాయనమ్మ కుట్టిన పూలగుడ్డ. ప్రభువు దినం. అందుకని నా అభిమానం క్యాలెండర్ దయాధర్మం మీద బతికింది. 2007 టీ20 ఫైనల్ సోమవారం పడింది, చూశాం. 2011 ఏప్రిల్ 2 శనివారం, చివరి సిక్సుకి నాన్న కూడా కుర్చీలోంచి లేచాడు. 2013 జూన్ 23 ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ మాత్రం ఆదివారం. బర్మింగ్‌హామ్‌లో వాన పడి ఆట ఆలస్యమైంది, ఇక్కడ అర్ధరాత్రి అయింది. లైటు తీసేసిన గదిలో పడుకుని, గోడ అవతల పక్కింటివాళ్ల కేకల్ని బట్టి వికెట్లు లెక్కపెట్టుకున్నాను. ఆ లెక్కలో రెండు తప్పిపోయాయి. అయిదు పరుగులతో గెలిచామని పొద్దున తెలిసింది.

ఇక 2024లో క్యాలెండర్ ఏం చేసిందంటే, ఈస్టరుని మార్చి 31కి తెచ్చింది. ఆ ఏడు ఐపీఎల్‌లో ఢిల్లీ జట్టు తన సొంత మ్యాచ్‌లలో మొదటి రెండూ విశాఖలో ఆడుతోంది. వాటిలో మొదటిది ధోనీ ఉన్న చెన్నైతో, సరిగ్గా ఆ రాత్రి ఏడున్నరకి. చెల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, రెండు టికెట్లు దొరికేసినాయి. నాన్నతో నువ్వే చెప్పు, నువ్వు కదా కాబోయే అయ్యగారివి" అని పెట్టేసింది.

అనకాపల్లి దాటితే నాకు నిద్ర పట్టదు. దువ్వాడ వచ్చేదాకా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ ఉన్నాను. స్టేషన్‌లో నాన్న స్కూటరుతో నిలబడి ఉన్నాడు. ఒక్క మాటా బయటికి రాలేదు.

శుభ శుక్రవారం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో అయిదోది నాకిచ్చారు, "దప్పిగొనుచున్నాను". మార్చి చివరి మధ్యాహ్నం, గుడి నిండా జనం, విసనకర్రల చప్పుడు. దప్పిక గురించి ఎవరికీ వివరించనక్కర్లేదు. నేనే అక్కర్లేని చోటికి వెళ్లాను. కప్పులు గెలిచిన కెప్టెను ధోనీ 2018లో ఐర్లాండ్‌లో ఒక మ్యాచ్‌కి పక్కన కూర్చోవాల్సివస్తే, ఆడేవాళ్లకి తనే నీళ్లు మోసుకెళ్లాడని చెప్పి, సిలువ మీద ఉన్నాయనకి నీళ్లిచ్చేవాడు లేకపోయాడు, చిరకే, అంటే పులిసిన ద్రాక్షరసమే, దొరికింది అన్నాను. వెనక బల్లల్లో కుర్రాళ్లు తలలెత్తారు. ముందు బల్లలో ఒక సంఘపెద్ద చేతి గడియారం చూసుకున్నాడు. నాన్న ఇంటికొచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడన్నాడు: "నీళ్లు మోసినోడి పోలిక బానే ఉంది. కానీ సిలువ దగ్గర క్రికెట్ ఏటిరా?"

ఆ రోజు టికెట్ల ఊసు ఎత్తలేదు.

శనివారం ఊరికే పాతనగరం తిరిగాను. హార్బరు మీదికి వంగినట్టుండే మూడు కొండలు పక్కపక్కనే. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్‌ హిల్ మీద మరియమ్మ గుడి. చిన్నప్పుడు ఈ మెట్లు ఎవరు ముందెక్కుతారా అని పందెం వేసుకునేవాళ్లం. ఇప్పుడు సంఘ చరిత్ర పేపరు చదివిన కళ్లతో చూస్తే ఈ సందులన్నీ ఇంకోలా ఉన్నాయి. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు దిగింది ఈ ఊళ్లోనే. ఆనందరాయర్ అనే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చులో చూసుకునే యోగం ఇద్దరికీ లేకపోయింది. మెట్ల దగ్గర మురీ మిక్చర్ కొనుక్కుని చాలాసేపు కూర్చున్నాను.

ఇంటికెళ్లేసరికి నాన్న వరండాలో నీళ్లసీసాల అడుగులు బ్లేడుతో కోస్తున్నాడు. సముద్రపు గాలికి సమాధుల తోటలో కొవ్వొత్తులు నిలవవు. అందుకని ఏటా ఇదే పని. కోసిన సీసాని కొవ్వొత్తి చుట్టూ బోర్లిస్తే, పైన మూతి గుండా పొగ పోతుంది, మంట నిలుస్తుంది. ఎనిమిది సీసాలు. తాతయ్యకి రెండు, మిగతావి అయినవాళ్లకి.

నేనూ ఒక సీసా అందుకుని, తలెత్తకుండా చెప్పేశాను. "రేపు రాత్రి మ్యాచ్ ఉంది నాన్నా. చెల్లీ నేనూ వెళ్దామనుకుంటున్నాం."

బ్లేడు ఆగింది. మళ్లీ కదిలింది.

"పొద్దున తోటకి రావాలి. ఆరాధనకి ఉండాలి. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి."

"అన్నీ అయ్యాకే నాన్నా."

"రాత్రి పన్నెండింటికి ఆడపిల్లని తీసుకుని ఎలా వస్తావు? నేనూ వస్తాను. లోపలికి రాను."

తెల్లవారుజామున నాలుగున్నరకి తోటలో ఉన్నాం. కొత్త సున్నం వాసన, బంతిపూలు. ఒకరు "క్రీస్తు లేచెను" అంటే చీకట్లో ఎక్కడినుంచో "నిజముగా లేచెను" అని జవాబు. తాతయ్య దగ్గర రెండో కొవ్వొత్తి ఎంతకీ అంటుకోలేదు. నాన్న రెండు అరచేతులూ గిన్నెలా పట్టి వంగితే, ఆ వెలుగులో ఆయన వేళ్లు ఎర్రగా కనిపించాయి. పోర్టులో తాళ్లు లాగిన వేళ్లు.

సాయంత్రం బస్సులో, పొద్దున చదివిన భాగం, లేచిన యేసు ఇద్దరు శిష్యులతో ఎమ్మాయు ఊరికి నడిచింది, గుర్తొచ్చి నా చదువు కాస్త బయటపెట్టుకున్నాను. "మన బైబిల్లో ఆమడ దూరమని ఉంది కదా నాన్నా, గ్రీకులో అది అరవై స్టేడియాలు. పదకొండు కిలోమీటర్లు. స్టేడియం అనే మాట అదే."

హనుమంతవాక దాటేదాకా ఏమీ అనలేదు. ఎండాడ దగ్గర అన్నాడు: "అరవై స్టేడియాలు నడిచినా వాళ్లు ఒక్కదాంట్లోకీ ఎల్లలేదు కదరా."

గేటు దగ్గర చిల్లర లోపలికి పనికిరాదన్నారు. జేబులో కానుకకి పోగా మిగిలిన నాణేలు నాన్న చేతిలో పోశాను. "టీ తాగు నాన్నా" అన్నాను. కార్‌షెడ్ జంక్షన్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లోపల ఢిల్లీ సొంత మైదానమని చెప్పుకోవడానికి బోర్డులు తప్ప ఏమీ లేవు. ఎటు చూసినా పసుపే, పెళ్లిపందిట్లో పసుపునీళ్లు చల్లినట్టు. ఢిల్లీ 191 చేసింది. వార్నర్ కొట్టిన బంతిని చెన్నై ఆటగాడు పతిరన గాల్లో పక్కకి దూకి ఒంటిచేత్తో పట్టిన క్యాచ్ ఒక్కటే చాలు టికెట్ డబ్బులకి. కారు ప్రమాదం తర్వాత ఢిల్లీ కెప్టెన్ పంత్‌కి మొదటి యాభై ఆ రోజే. "ఈస్టర్ నాడు లేచాడు చూడు" అంది చెల్లి. అది ప్రసంగంలో పెట్టకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

చెన్నై మొదట్లోనే కూలబడింది. పదిహేడో ఓవర్లో దూబే అవుటయ్యాడు, ఆరో వికెట్. ఏ ఊళ్లోనైనా అభిమానులు తలపట్టుకోవాలి. ఇక్కడ పండగ. సొంత జట్టు వికెట్ పడితే లేచి గంతులేసిన జనాన్ని నేనెక్కడా చూళ్లేదు, ఆ జనంలో నేనూ ఒకణ్ణి. ఎందుకంటే తర్వాత దిగేది ధోనీ. ఆ ఏడు కెప్టెన్సీ వదిలేశాక మొదటిసారి బ్యాటు పట్టుకుని వస్తున్నాడు. వచ్చిన మొదటి బంతికే ఫోరు. చెల్లి ఏదో అరుస్తోంది, పెదాలు కదలడం తప్ప ఏమీ వినబడలేదు.

ఆఖరి ఓవర్‌కి 41 కావాలి. ఓడిపోయామని అందరికీ తెలుసు. ఒక్కరూ కదల్లేదు. ఢిల్లీ బౌలర్ నోర్కియా బంతులకి ఫోరు, సిక్సు, ఖాళీ, ఫోరు, ఖాళీ, సిక్సు. 16 బంతుల్లో 37 నాటౌట్, ఇరవై పరుగుల తేడాతో ఓటమి. మెట్లు దిగుతూ గెలిచినవాళ్లలా ఈలలు వేసుకున్నాం.

బయటికొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. టీకొట్టు బెంచీ మీద నాన్న. పక్కన ఇద్దరు ఆటోవాళ్లు, వాళ్లముందు బిస్కెట్ల సీసాకి ఆనించిన ఫోను.

"అయిపోయిందా?" అన్నాడు, అమాయకంగా.

"ఓడిపోయాం నాన్నా."

"ఊఁ."

ఆ ఆటోవాళ్లలోనే ఒకడు మమ్మల్ని ఎక్కించుకున్నాడు, బేరం కూడా ఆడలేదు. మద్దిలపాలెం దగ్గరకొచ్చాక నాన్న అన్నాడు: "ఆరు బంతుల్లో నలభై ఒకటి ఎలాగూ రావు కదా. మరి ఆఖరి బంతిని అంత గట్టిగా ఎందుకు కొట్టాడంటావ్?"

చెల్లి మోచేత్తో నన్ను పొడిచింది. "నువ్వు చూశావా నాన్నా?"

"నేనెక్కడ చూశాను. ఆటోవాళ్లు అరుస్తుంటే చెవిన పడింది."

ఆటో జగదాంబ వైపు తిరిగింది. నాన్న గాలికి మొహం పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరితోనూ కాకుండా అన్నాడు: "జుట్టు మళ్లీ అప్పట్లాగే పెంచాడు."