చిక్కపేటలో ఒక్క పైసా

ఈ రోజు పొద్దంతా బెంగళూరు చిక్కపేటలోని చీరల కొట్టు మేడ మీద, అకౌంటెంటు గారి బల్ల పక్కనే గడిచింది. కొట్టు వాళ్లది హిందూపురం. ధర్మవరం చీరలు తెప్పించి ఇక్కడ అమ్ముతారు, ఏడాదిగా వెబ్‌సైటులోనూ అమ్ముతున్నారు. అక్కడ వచ్చిన ఆర్డర్లను ఆయన రాత్రి పొద్దుపోయే దాకా కూర్చుని ఒక్కొక్కటిగా ట్యాలీ అనే పద్దుల సాఫ్ట్‌వేరులో ఎక్కించుకోవడం చూడలేక, ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం రాసి పోయిన వారం నేనే బిగించి వచ్చాను. నిన్న సాయంత్రం ఆయన ఫోను చేసి, "నాయనా, పదకొండు ఆర్డర్లు పద్దులో పడలేదు" అన్నారు. రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

కొట్టు కంప్యూటరు రౌటరు చాటున ఉంటుంది కనుక వెబ్‌సైటు తనంతట తాను దాన్ని చేరలేదు. అందువల్ల ఆ కంప్యూటరులో ఉన్న నా ప్రోగ్రామే ఐదు నిమిషాలకొకసారి వెబ్‌సైటు ఏపీఐని, అంటే ప్రోగ్రాములు సమాచారం అడిగే ద్వారాన్ని అడిగి, జేసన్ అనే రూపంలో వచ్చిన ఆర్డర్లను ట్యాలీకి అర్థమయ్యే ఎక్స్‌ఎంఎల్ రూపంలోకి మార్చి, 9000 పోర్టు దగ్గర వినడానికి సిద్ధంగా ఉండే ట్యాలీకి అందిస్తుంది. లెడ్జరు (ఖాతా) పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి, తేదీని 20250507 అన్నట్టు ఎనిమిది అంకెల్లో ఇవ్వాలి, డెబిట్ మొత్తానికి ముందు మైనస్ గుర్తు పెట్టాలి. ఇవన్నీ సరిచూసుకునే పెట్టాను. కాబట్టి ఉదయం జయనగరలో మెట్రో ఎక్కినప్పటి నుంచి, తప్పు ఎక్కడుందో ఊహకు అందలేదు.

నేను వెళ్లేసరికి ఆయన ఆ పదకొండు ఆర్డర్ల కాగితాలూ ఎర్ర పెన్నుతో గీతలు గీసి, వరుసగా పరిచి ఉంచారు. "అన్నీ కర్ణాటకవే నాయనా, అనంతపురానికి పోయినవి ఒక్కటీ తప్పలేదు చూడు. ఇంకోటి, అన్నీ 2,999 చీరలే" అన్నారు. నేను గంటల తరబడి ప్రోగ్రాం చేసిన పనులు నమోదయ్యే లాగ్ ఫైళ్లు తిరగేసి పట్టుకోవలసిన సంగతిని ఆయన కాగితాల మీదే పట్టుకున్నారు.

అక్కడే కాలిక్యులేటరు తీసుకున్నాం. 2,999లో 5 శాతం జీఎస్టీ కలిసే ఉంది. పన్ను తీసేస్తే చీర విలువ 2,856.19. వేరే రాష్ట్రానికి పంపితే ఐజీఎస్టీ 142.81 ఒక్కటే పడుతుంది, కూడితే సరిగ్గా 2,999 వస్తుంది. కర్ణాటకలోనే అమ్మితే పన్ను కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీగా రెండు సగాలవుతుంది, ఒక్కొక్కటి 71.40. మూడింటినీ కూడితే 2,998.99. డెబిట్ వైపు 2,999, క్రెడిట్ వైపు ఒక్క పైసా తక్కువ. రెండు వైపులా సమానం కాని వోచరును, అంటే పద్దు నమోదును, ట్యాలీ తీసుకోదు, తీసుకోకూడదు కూడా. నేను పరీక్షించి చూసినవి 1,499, 2,499 ధరల చీరలు; ఆ రెండింటిలోనూ లెక్క పైసాతో సహా సరిపోతుంది.

అంతకన్నా నన్ను బాధపెట్టిన తప్పు ఇంకొకటి ఉంది. వోచరు పడలేదని ట్యాలీ ప్రతిసారీ చెబుతూనే ఉంది. జవాబు 200 అనే, అంటే పంపింది అందిందనే వచ్చింది, కానీ దాని లోపల ఎన్ని వోచర్లు పడ్డాయో చెప్పే 'క్రియేటెడ్' దగ్గర 0 ఉంది, మొత్తాలు సరిపోలేదన్న వాక్యమూ ఉంది. నేను ఆ 200ను మాత్రమే చూసి, ఆర్డరు పద్దులో చేరినట్టు గుర్తు పెట్టించాను. అంటే కవరు అందిందన్న రసీదు చూసుకుని, కవరు విప్పలేదు. ఆయన రోజూ సాయంత్రం ట్యాలీలోని డే బుక్కును (ఆ రోజు పద్దుల జాబితాను) ఆర్డర్లతో చేత్తో సరిచూసే అలవాటు మానుకోలేదు కనుక సరిపోయింది. లేకపోతే ఆ పదకొండు అమ్మకాలూ నెలాఖరు రిటర్నులో కూడా కనిపించకుండా పోయేవి.

పైసాను ఎక్కడ సర్దాలని అడిగితే ఆయన ట్యాలీలో 'రౌండ్ ఆఫ్' లెడ్జరు తెరిచి చూపించారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఇలాంటి పైసలన్నీ అందులోనే వేస్తున్నారట. ప్రోగ్రాం రాసేముందు ఈ ఒక్క మాట ఆయనను అడిగి ఉండవలసింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మార్పులు చేశాను. తేడా వస్తే అది రౌండ్ ఆఫ్‌కు వెళుతుంది. 'క్రియేటెడ్' 1 అని వస్తేనే ఆర్డరు పూర్తయినట్టు గుర్తు పడుతుంది. అదే ఆర్డరు నంబరుతో వోచరు ముందే ఉంటే మళ్లీ పంపదు. పదకొండింటినీ ఒక్కొక్కటిగా పంపాను. తెర మీద 1 కనిపించినప్పుడల్లా ఆయన డే బుక్కు తెరిచి, మొత్తం చూసి, ఆ కాగితం మీద టిక్కు పెట్టి పక్కన పెట్టారు. ఆఖరి కాగితం తీసేసరికి కింద కొట్టులో దీపాలు వెలిగించారు. వాపసు వచ్చిన చీరల క్రెడిట్ నోట్ల సంగతి రేపు కూర్చుని మాట్లాడదామన్నారు. ఈసారి ముందు ఆయన చేత కాగితం మీద రాయించుకుని, తరువాతే కోడు మొదలుపెడతాను.