డెలోరియన్ తలుపు మళ్లీ వాలిపోయింది

నేను చేస్తున్న డెలోరియన్ కారు బొమ్మకి, రెక్కలా పైకి తెరుచుకునే తలుపుని లేపాల్సిన ఆరో కడ్డీ కూడా పోయింది. నిన్న రాత్రి తలుపు టపీమని లేచి నిలబడితే ఇంట్లో పడుకున్నవాళ్లని లేపి మరీ చూపించాను. పొద్దున్న కాఫీ తాగొచ్చి తీస్తే సగంలో ఆగిపోయి, రెక్క విరిగిన కొంగలా వేలాడింది.

బానెట్ మీద స్కాచ్‌బ్రైట్ గీతలు మాత్రం అచ్చం అసలు బండిలాగే వచ్చాయి. పెయింటు లేని స్టీలు బాడీకి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

తలుపు సంగతికొస్తే, 1:8 స్కేలు, అంటే అసలు బండిలో ఎనిమిదో వంతు కాబట్టి బండి పొడవు 53 సెం.మీ. పాలకొల్లులో బంగారం కొట్టు కాటా మీద తలుపు 110 గ్రాములు తూగింది. ఆ బరువు కీలుకి 6 సెం.మీ. అవతల పడుతుంది. కప్పు కింద పెట్టింది 12 సెం.మీ. పొడవు, 1.2 మి.మీ. మందం ఉన్న స్టీలు వెల్డింగ్ రాడ్. తలుపు మూస్తే అది పావు చుట్టు మెలిపడాలి, వదిలితే విప్పుకుంటూ తలుపుని లేపాలి. తలుపు ఎంత లేచిందో మా పాప కోణమానినితో కొలిస్తే బిగించగానే 80 డిగ్రీలు, పొద్దున్నకి 52, నాలుగుసార్లు తీసి మూశాక 31.

ఇన్నాళ్లూ స్క్రూ దగ్గర జారుతోందనుకున్నాను. అందుకే ఈసారి కడ్డీ పొడవునా మార్కర్‌తో తిన్నగా గీత గీసి బిగించాను. విప్పి చూస్తే ఆ గీత కొబ్బరితాడు పురిలా చుట్టుకుని ఉంది. స్క్రూ తప్పేం లేదు, కడ్డీయే మెత్తన.

అసలు బండికి ఈ కడ్డీని గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి మెలిపెట్టి ఇచ్చింది. బండి చేసింది మాత్రం జనరల్ మోటార్స్ వదిలొచ్చిన జాన్ డెలోరియన్ 1975లో పెట్టిన సంస్థ. బ్రిటిష్ ప్రభుత్వం సొమ్ముతో ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ పక్కన డన్‌మరీలో ఫ్యాక్టరీ కట్టి, 1981లో బండ్లు మొదలెట్టి, 1982 ఫిబ్రవరికల్లా అప్పులు తీర్చలేక, కంపెనీ ఆస్తుల్ని స్వాధీనం చేసుకునే రిసీవర్ చేతిలో పడ్డారు. ఆ ఏడాది చివరికి మూతే. మొత్తం దాదాపు 9,000 బండ్లు. 25,000 డాలర్లు పోసి కొంటే 130 హార్స్‌పవర్ ఇంజనా! అయినా ఆ తలుపులే లేకపోతే నేను దీని జోలికొచ్చేవాణ్ణి కాదులెండి.

ఇక పియానో వైరే దిక్కు, అంటే మెలిపెట్టినా మళ్లీ విప్పుకునే గట్టి స్ప్రింగు స్టీలు తీగ. లెక్క ప్రకారం 0.9 మి.మీ. తలుపు బరువుకి సరిగ్గా సరిపోతుంది కానీ చేతిలో ఏమీ మిగలదు. 1 మి.మీ. అయితే ఒకటిన్నర రెట్ల బలం, అదే ఆర్డర్ పెట్టాను.

ఈలోగా ఇంకో ఆశ. పశువుల ఆసుపత్రిలో వీర్యం దాచే క్యానులో ఉండేదీ ద్రవ నైట్రోజనే కదా, అందులో ముంచి మెలిపెడితే నా రాడ్ కూడా గట్టిపడుతుందేమోనని ఇవాళ వెళ్లాను.

"గేదె ఎప్పుడు ఎదకొచ్చిందండీ?" అన్నారు డాక్టరు గారు.

"గేదె కాదండీ, కారు తలుపు."