యోహాను 6:37ను సగానికి చించకండి

“తండ్రి నాకు అనుగ్రహించు వారందరును నాయొద్దకు వత్తురు, నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను.”

మన బాప్టిస్టుల్లో కాల్వినిజం మీద, అంటే రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఏర్పరచుకున్నాడనే సిద్ధాంతం మీద, గొడవ లేచినప్పుడల్లా ముందుగా దెబ్బ తినేది ఈ వచనమే. ఒకాయన మొదటి సగం పట్టుకుని లేస్తాడు. తండ్రి ఇచ్చినవాళ్లే వస్తారని రాసి ఉంది, చూడండంటాడు. ఇంకొకాయన రెండో సగం పట్టుకుంటాడు. వచ్చిన ఎవరినీ తోసెయ్యనన్నాడు, వినండంటాడు. ఇద్దరూ విశ్వసించి నీళ్లలో మునిగి లేచినవాళ్లే. ఇద్దరూ పొద్దున ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లే. సాయంత్రానికల్లా అవతలివాడికి సువార్తే తెలియదని తేల్చేస్తారు. చూస్తుంటే నాకు కడుపు మండుతుంది. ప్రభువు ఒక్క ఊపిరిలో అన్న మాటను మనం వాటాలేసుకోవడం ఏమిటి?

ఆ మాట ఆయన ఎవరితో అన్నాడో చూడండి. ముందురోజు రొట్టెలు తిని, పడవలెక్కి కపెర్నహూము దాకా వెతుక్కుంటూ వచ్చిన జనంతో అన్నాడు. మళ్లీ కడుపు నిండుతుందనే వాళ్లొచ్చారని ఆయన మొహం మీదే చెప్పాడు. “మీరు నన్ను చూచి యుండియు విశ్వసింపక యున్నారు” అన్న వెంటనే మన వచనం వస్తుంది. ఎదురుగా అంత అవిశ్వాసం కనబడుతున్నా ఆయన డీలాపడలేదు. తండ్రి నాకిచ్చినవాళ్లు వస్తారు అన్నాడు. తన తండ్రి మీద కుమారుడికి ఉన్న నమ్మకం అది. రెండో మాట కూడా ఆ నమ్మకంలోంచే పుట్టింది. వచ్చేవాడు తండ్రి చేతి కానుక, అలాంటివాణ్ణి కుమారుడు గడప బయటికి ఎలా నెడతాడు? మొదటి సగం తీసేస్తే రెండోదానికి వేరు లేదు. రెండో సగం తీసేస్తే, మొదటిది విని వణుకుతున్న పాపికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ అధ్యాయంలో నేను మళ్లీ మళ్లీ ఆగిపోయేది తండ్రీకుమారుల మధ్య జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే. తండ్రి ఇస్తాడు. కుమారుడు పుచ్చుకుంటాడు. పుచ్చుకున్నదానిలో ఏమీ పోగొట్టుకోనని 39లో మాటిస్తాడు. అంత్యదినాన లేపుతాననే మాట ఆ అధ్యాయంలో నాలుగుసార్లు వస్తుంది. ఒకసారి చాలదా? మన మనసు సంగతి ఆయనకు తెలుసు గనుక నాలుగుసార్లు. ఇక యోహాను 17కు రండి. సిలువకు ముందు రాత్రి, “నీవు నాకు అనుగ్రహించినవారు” అని ఆయన తండ్రితో పదేపదే అంటున్నాడు. ఏర్పాటు, అంటే దేవుడు తనవాళ్లను ముందే ఎంచుకోవడం అనే సంగతి, అక్కడ ప్రార్థనలో వినబడుతుంది. ఎవరు లోపల, ఎవరు బయట అని లెక్కపెడుతున్న గొంతు కాదది. తనకు అప్పగించిన మనుషుల్ని కాపాడమని తండ్రిని అడుగుతున్న గొంతు. మనకేమో ఆ మాట నోటికొచ్చేది వాదనలో మాత్రమే. ఏర్పాటును నమ్ముతున్నానని చెప్పే తమ్ముడూ, ఆ సిద్ధాంతాన్ని మోకాళ్ల మీద ఎన్నిసార్లు పలికావు?

నేనూ దాన్ని నమ్ముతాను. తండ్రి ఆకర్షిస్తేనే తప్ప ఎవడూ రాలేడని 44వ వచనం సూటిగా చెబుతుంటే దాన్ని వంచడానికి నాకు ధైర్యం చాలదు. నా బాధ సిద్ధాంతంతో కాదు, దాన్ని వాడుతున్న తీరుతో.

బాప్తిస్మానికి సిద్ధపడుతున్న ఒక అమ్మాయి, క్లాసు అయిపోయాక అందరూ వెళ్లేదాకా కూర్చుంది. ఒళ్లో బైబిలు ఉంది, తెరవలేదు. అట్ట అంచున ఊడుతున్న తోలును గోటితో గీకుతూ, “అక్కా, నేను ఏర్పరచబడినదాన్ని కాకపోతే ఈ బాప్తిస్మం దేనికి?” అంది. ఎవరో అన్నయ్య ఆమెకు ట్యులిప్ అని పిలిచే కాల్వినిజపు ఐదు పాయింట్లూ చెప్పి, ముందు నీ ఎన్నిక ఖాయం చేసుకో అన్నాడట. పేతురు పత్రికలో ఉన్న మాటే అది, కానీ అతను దాన్ని అడ్డుకర్రలా వాడాడు. రాత్రుళ్లు నిద్రపట్టక టెన్షన్ పడుతోంది ఆ పిల్ల. నేనేమీ వాదించలేదు. ఈ వచనం తెరిచి గట్టిగా చదవమన్నాను. మొదటి సగం దగ్గర ఆమె గొంతు తడబడింది. ఆగొద్దు, చదువమ్మా అన్నాను. రెండో సగం చదివి, “వస్తే చాలా?” అని అడిగింది. చాలు. ఎందుకంటే నువ్వు వస్తున్నావంటే నీ వెనక తండ్రి చెయ్యి ఉందని మొదటి సగమే చెబుతోంది. ఏర్పాటు ఆమెకు తలుపు దగ్గర కాపలావాడిగా పరిచయమైంది. లోపలికొచ్చాక వెనక్కి తిరిగి చూస్తే కనబడే కృప అది.

ఈ వచనం కోసం ఇంగ్లండు బోధకుడు జాన్ బనియన్ ఎంత పెనుగులాడాడో ఆయన ఆత్మకథ చదివినవాళ్లకు తెలుసు. ఒక కొస సాతాను పట్టుకుంటే ఇంకో కొస తను పట్టుకుని లాగానని రాసుకున్నాడు. 1678లో ఈ ఒక్క వచనం మీదే ఒక పుస్తకం తెచ్చాడు. అందులో పాపి ఒక్కో సాకూ చెబుతూ ఉంటాడు. నేను ఘోరపాపిని అంటాడు, ముసలి పాపిని అంటాడు, గుండె బండబారినవాణ్ణి అంటాడు. ప్రతిదానికీ క్రీస్తు చెప్పే జవాబు ఒక్కటే: ఎంతమాత్రమును త్రోసివేయను. బనియన్ నిఖార్సయిన కాల్వినిస్టు. అంత గట్టి ఏర్పాటు సిద్ధాంతం నమ్మినవాడి కలంలోంచి అంత విశాలమైన పిలుపు వచ్చింది.

ఇక విశ్వాస ప్రమాణాలు, అంటే సంఘాలు తాము నమ్మేది ఇదీ అని రాసుకున్న ఒప్పుకోలు పత్రాలు. 1689 ప్రమాణం అంటూ చొక్కాకు బ్యాడ్జీలా పెట్టుకు తిరిగేవాళ్లు దాన్ని నిదానంగా చదివితే బాగుండు. అది 1677లో రాసింది. ఆనాటి పర్టిక్యులర్ బాప్టిస్టులు, అంటే క్రీస్తు ఏర్పరచబడినవాళ్ల కోసమే మరణించాడని నమ్మే ఇంగ్లండు కాల్వినిస్టు బాప్టిస్టులు, హింసలో నలుగుతూ రాశారు. 1689లో వందకు పైగా సంఘాల తరఫున లండన్‌లో కూడి దానికి సమ్మతి తెలిపారు. దేవుని నిర్ణయం గురించి చెప్పే మూడో అధ్యాయం చివరి పేరా చూడండి. ఈ ఉన్నతమైన మర్మాన్ని ప్రత్యేకమైన వివేకంతో, జాగ్రత్తతో పట్టుకోవాలని ఉంది. సువార్తకు లోబడేవాళ్లకు అది స్తుతినీ, వినయాన్నీ, సమృద్ధియైన ఆదరణనూ ఇవ్వాలని ఉంది. వినయం అని రాసింది వాళ్లే. నువ్వు ఆ ప్రమాణం పేరుతోనే ఒక బలహీన విశ్వాసిని ఏడిపిస్తే, ప్రమాణాన్ని మీరింది ఎవరు?

ఇంకా ముందు, 1644లో ఏడు సంఘాలు కలిసి రాసిన లండన్ ప్రమాణం ముగింపు నాకు మరీ ఇష్టం. మాకు తెలిసింది కొంతే, తెలియనివి చాలా ఉన్నాయి, మేము చూడనిదాన్ని ఎవరైనా దేవుని వాక్యంలోంచి చూపిస్తే దేవునికీ వాళ్లకూ కృతజ్ఞులమై ఉంటాం అని అందులో ఒప్పుకున్నారు. 1677 ప్రమాణానికి చేర్చిన అనుబంధంలో, ముంచుడు బాప్తిస్మం పొందనివాళ్లతో ప్రభువు బల్ల పంచుకోవచ్చా అనే విషయంలో మాలో మాకే ఒక్కమాట లేదు, అందుకే కావాలనే రాయకుండా వదిలాం అని చెప్పారు. ఆ విషయం మీద బనియన్‌కూ లండన్ బాప్టిస్టు పాస్టరు విలియం కిఫిన్‌కూ పెద్ద వాదమే నడిచింది. అయినా ఎక్కడ పట్టు బిగించాలో, ఎక్కడ వదలాలో వాళ్లకు తెలుసు.

ప్రమాణాలే వద్దు, బైబిలొక్కటే చాలు అనేవాళ్లను కూడా నేను సమర్థించను. 1887లో లండన్ బోధకుడు స్పర్జన్ ఇంగ్లండు బాప్టిస్టు యూనియన్‌ను విడిచి వెళ్లడానికి కారణం సరిగ్గా అదే. ముంచుడు బాప్తిస్మం తప్ప వేరే ఒప్పుకోలు లేని కూటమిలో ప్రాయశ్చిత్తాన్నీ లేఖన ప్రేరణనూ పలచన చేసినా అడిగే దిక్కు లేకపోయింది. ఆయన గుండె పగిలింది. బైబిలొక్కటే అనేవాడికీ బైబిలు చెప్పేది ఇదీ అని ఒక అభిప్రాయం ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టడం నిజాయితీ.

కృప అందరికీ అని చెప్పిన జనరల్ బాప్టిస్టులను చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట. మనస్సాక్షి మీద రాజుకు అధికారం లేదని ఇంగ్లండు రాజు జేమ్స్‌కే రాసి, చెరసాలలో ప్రాణం విడిచిన థామస్ హెల్విస్ వాళ్లవాడు. అటువైపు, కాల్వినిస్టుడు మిషన్ పనికి పనికిరాడు అనేవాళ్లకు ఇంగ్లండు బాప్టిస్టు పాస్టరు ఆండ్రూ ఫుల్లర్‌ను చూపిస్తాను. మారుమనస్సు లేనివాళ్లను నమ్మమని పిలవకూడదనే బోధ మధ్య పెరిగాడాయన. వాక్యం చదివి, విన్న ప్రతివాడూ నమ్మవలసినవాడే అని 1785లో రాశాడు. కాల్వినిజాన్ని వదల్లేదు. 1792లో కెటరింగ్‌లో మొదలైన మిషనరీ సొసైటీకి మొదటి కార్యదర్శి ఆయనే. మరుసటి ఏడు ఆ సొసైటీ మన దేశానికి పంపిన విలియం కేరీ కూడా ఏర్పాటును నమ్మినవాడే.

1801లో అమెరికాలోని కెంటకీలో రెగ్యులర్, సెపరేట్ అనే రెండు శాఖల బాప్టిస్టులు కలిసినప్పుడు ఒప్పందంలో ఒక షరతు రాసుకున్నారు. క్రీస్తు ప్రతి మనిషి కోసం మరణాన్ని రుచి చూశాడని ఎవరైనా ప్రకటిస్తే అది సహవాసానికి అడ్డు కాకూడదు. ఎంత మంచి షరతు! ఇప్పుడు అమెరికాలోని పెద్ద బాప్టిస్టు కూటమి అయిన సదరన్ బాప్టిస్టుల్లో ఏం జరిగిందో చూడండి. 1925లో తమ విశ్వాస ప్రకటన రాసుకున్నప్పుడు, ఇవి అర్థం చేసుకోవడానికి మార్గదర్శకాలే, మనస్సాక్షి మీద వీటికి అధికారం లేదని ముందుమాటలోనే చెప్పుకున్నారు. 2012లో కాల్వినిజాన్ని ఒప్పుకోనివాళ్లు వేరే స్టేట్‌మెంట్ తెచ్చారు, మళ్లీ అగ్గి రాజుకుంది. 2013లో ఇరువైపులవాళ్లూ కూర్చున్న ఒక కమిటీ, తేడాలు దాచకుండా చెప్పుకుందాం, కలిసి పనిచేద్దాం అని రిపోర్టు ఇచ్చింది. మంచి మాటే. దాన్ని సంఘంలో నిలబెట్టాల్సింది మాత్రం పక్కపక్క కూర్చునే మనమే.

యోహాను 6 చివరికి వచ్చేసరికి చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయారు. తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ రాలేడన్న ఆ ప్రభువే పన్నెండుమంది వైపు తిరిగి, “మీరు కూడ వెళ్లిపోవలెనని యున్నారా?” అని అడిగాడు. ఆ ప్రశ్న ఉత్తుత్తిది కాదు. పేతురు నిజంగా జవాబు చెప్పాలి, చెప్పాడు: “ప్రభువా, యెవనియొద్దకు వెళ్లుదుము?” ఎవరు తండ్రి ఇచ్చినవాళ్లో తెలిసినవాడే మనిషిని ఇంత గౌరవంగా అడిగాడు. మత్తయి 11లోనూ అంతే. కుమారుడు బయలుపరచగోరినవాడు తప్ప ఎవడూ తండ్రిని ఎరగడని 27లో అని, మరు వచనంలోనే “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్నాడు. ఆయనకు అక్కడ ఏ ఇబ్బందీ కనబడలేదు.

అందుకే సంఘ పెద్దలకూ పాస్టర్లకూ నా మనవి. మీ సంఘంలో ప్రమాణం మీద సంతకాలు తీసుకోబోతుంటే, ముందు ఆ మూడో అధ్యాయం చివరి పేరా అందరి ముందూ చదివించండి. సంతకం పెట్టలేనన్నవాణ్ణి నిలదీయకండి, ఎక్కడ ఆగావు అని అడిగి వినండి. కాల్వినిజం కొత్తగా నేర్చుకున్న కుర్రవాళ్లకు మొదటి ఏడాది బోధించే పని ఇవ్వకండి, రోగుల ఇళ్లకు ప్రార్థనకు తీసుకెళ్లండి. కాల్వినిజం అంటేనే మండిపడేవాళ్లకు యోహాను 17 చేతికిచ్చి, వాదన లేకుండా ప్రార్థనగా చదవమనండి. బాప్తిస్మపు క్లాసులో యోహాను 6 వచ్చినప్పుడు 25 నుంచి 71 దాకా ఎక్కడా ఆపకుండా ఒక్కరి చేతే చదివించండి. 37 దగ్గర ఎవరైనా మధ్యలో చెయ్యెత్తితే, పూర్తయ్యేదాకా ఆగమని చెప్పండి.