ఆ మూతను దగ్గరగా చూపిస్తారా?: నా ఫిల్మ్ స్కూలు ప్రిపరేషన్

ఫిల్మ్ స్కూలు ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు: నాకు రెండో ప్రయత్నంలో సీటు వచ్చింది. మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నానో ముందు చెబుతాను.

స్త్రీవాద ప్రయోగాత్మక సినిమాను అప్పట్లో పేర్లు, సంవత్సరాల పట్టికగా బట్టీపట్టాను. దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్: 1950లో బ్రస్సెల్స్‌లో పుట్టారు, 2015లో మరణించారు, ముఖ్య చిత్రం 1975 నాటి ‘జాన్ దీల్మాన్’. ఇంటర్వ్యూలో ‘అందులో కెమెరా ఎంత ఎత్తులో ఉంటుంది?’ అని అడిగారు. నేను ఆ సినిమానే చూడలేదు.

రెండో ఏడాది పట్టిక పక్కన పెట్టి సినిమా చూశాను. నిడివి 201 నిమిషాలు. మీరూ ముందుకు జరపకుండా ఒకసారి చూడండి. రెండోసారి నోటుపుస్తకంతో కూర్చుని, షాటు ఎంతసేపుంది, ఏ శబ్దం వినిపిస్తోంది అని వరుసగా రాసుకోండి. కెమెరా కదలదు, దగ్గరికి వెళ్లదు. పొట్టి మనిషి అయిన ఆకెర్మాన్ తన కంటి ఎత్తులోనే దాన్ని నిలబెట్టారు.

జాన్ ఒక వితంతువు. కొడుకును పెంచుతూ, ఇంటి పని చేస్తూ, మధ్యాహ్నాలు ఇంటికి వచ్చే మగవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటుంది. రెండో రోజు బంగాళాదుంపలు మరీ ఉడికిపోతాయి. గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంట్లో తిరుగుతుంది. డబ్బు దాచే పింగాణీ గిన్నెకు మూత పెట్టడం మరిచిపోతుంది. మొదటి రోజు ఆమె ప్రతి పనీ ఎంత పద్ధతిగా చేసిందో చూశాం కాబట్టి, ఆ మూత లేని గిన్నెను చూస్తే గుండె దడదడలాడుతుంది.

ఆ రాత్రి మా అమ్మ వంటిల్లు సర్దుతుంటే ఫోనులో టైమర్ పెట్టాను. గట్టు తుడిచి, గిన్నెలు బోర్లించి, పాలు తోడుపెట్టి లైటు ఆర్పేసరికి నలభై నిమిషాలు. ఇన్నేళ్లలో ఒక్కరోజూ కూర్చుని చూడలేదు. నాకు కన్నీళ్లు ఆగలేదు.

అక్కడి నుంచి ఆకెర్మాన్ ప్రయాణం దానంతటదే గుర్తుండిపోయింది. సినిమా చదువు కొద్ది నెలలకే వదిలేసి, 1968లో 13 నిమిషాల తొలి చిత్రం తీశారు. అదీ వంటింట్లోనే. 1971లో న్యూయార్క్ వెళ్లారు. ప్రయోగాత్మక దర్శకుడు మైకేల్ స్నో చిత్రాలు చూశాక, కథ లేకుండా కాలాన్నే చూపించవచ్చని గ్రహించారు. ‘జాన్ దీల్మాన్’కు ఛాయాగ్రహణం చేసిన బాబెత్ మాంగోల్త్ పరిచయమైంది అక్కడే. ‘న్యూస్ ఫ్రమ్ హోమ్’లో న్యూయార్క్ వీధుల దృశ్యాల మీద తన అమ్మ రాసిన ఉత్తరాలు చదివారు. నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడిన ఆ అమ్మే చివరి చిత్రం ‘నో హోమ్ మూవీ’కి కేంద్రం.

బహుళైచ్ఛిక ప్రశ్నల కోసం ఒకటి: 1952 నుంచి పదేళ్లకోసారి జరిగే బ్రిటిష్ సినిమా పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ వారి అత్యుత్తమ చిత్రాల విమర్శకుల ఎంపికలో, 2022లో ‘జాన్ దీల్మాన్’ మొదటి స్థానం పొందింది. ఒక మహిళ తీసిన సినిమాకు ఆ స్థానం దక్కడం అదే తొలిసారి.

ఈసారి ఇంటర్వ్యూలో ఆ మూత గురించే మాట్లాడాను. ‘మీరైతే దాన్ని దగ్గరగా చూపిస్తారా?’ అని అడిగారు. చూపించనన్నాను. మూత పెట్టిన రోజూ, మరిచిన రోజూ కెమెరా ఒకే దూరంలో ఉంటేనే తేడాను ప్రేక్షకులు తమంతట తామే పట్టుకుంటారని చెప్పాను.