బొటనవేలితో నడిచే బండి

నల్గొండ నుంచి సాగర్ పోయే తొవ్వలో, హాలియా దాటాక, బత్తాయి తోటల వెనక గుట్ట కింద ఏటీవీలు, అంటే నాలుగు లావు చక్రాలతో, బైకులాంటి హ్యాండిల్‌తో ఉండే బండ్లు, తిప్పుతున్నారు. దసరా సెలవులకు వచ్చిన అక్కాబావలతో, పిల్లలతో పోయాం. సాగర్ డ్యాం, లాంచీ సంగతులు మీకు తెలిసినవే.

మనిషికి వెయ్యి రూపాయలు, ముప్పావుగంట అన్నారు. అందులో ఇరవై నిమిషాలు ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే పోయాయి. ఇంత తీసుకొని మాటలు చెప్తారా అని ఒళ్లు మండింది. మొదటి మలుపు దాకానే ఆ కోపం.

మన చెయ్యి స్కూటర్‌కు అలవాటు పడింది. ఏటీవీ పిడి తిరగదు. కుడి బొటనవేలి దగ్గర చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కితే బండి కదులుతుంది. గుంత కనబడగానే భయంతో పిడి గట్టిగా పట్టుకుంటాం, దాంతో పాటు బొటనవేలూ బిగుసుకుంటుంది. ఆగాల్సిన చోట బండి ముందుకు దూకుతుంది. ముప్పై ఏళ్లుగా బైకు నడుపుతున్న బావ అట్లనే కంచె దాకా పోయాడు. మణికట్టుకు కట్టిన తాడు ఊడి ఇంజిన్ ఆగింది. ఆ తాడు రెండో కొస హ్యాండిల్ మీది స్విచ్‌కు తగిలించి ఉంటుంది, మనిషి సీటు మీంచి జారితే ఊడి వస్తుంది. తాడు లేని బండి ఇస్తే ఎక్కకండి.

"కాలు కింద పెట్టొద్దు సార్, వెనక చక్రం మీదికెక్కుతది" అని గైడ్ పది సార్లు చెప్పాడు. బైకు ఒరిగితే కాలు ఆనిస్తాం కదా, ఇక్కడ అదే పని చేస్తే వెనక టైరు పాదాన్ని కిందికి లాక్కుంటుంది.

ఈ బండ్ల వెనక ఇరుసుకు డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి హ్యాండిల్ తిప్పినా బండి నేరుగా పోవాలని చూస్తుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, ఒంటిని లోపలి వైపు వంచాలి. గుట్ట ఎక్కేటప్పుడు సీటు మీద ముందుకు, దిగేటప్పుడు వెనక్కి జరగాలి. అన్నిటికంటే ప్రమాదం గుట్టకు అడ్డంగా పోవడం. కొత్తవాళ్లు ఆ జోలికే పోవద్దు.

పదకొండేళ్ల మేనల్లుణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంటే గైడ్ ఒప్పుకోలేదు. పెద్ద బండి మీద పదహారేళ్ల లోపు వాళ్లు నడపొద్దని, వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దని స్టిక్కరే ఉంది. వాడికి చిన్న బండి ఇచ్చాడు. దాని మీట పక్కన ఒక స్క్రూ ఉంటుంది, లోపలికి బిగించే కొద్దీ మీట తక్కువ నొక్కుడు పడుతుంది, వేగం అంతకు మించదు. పిల్లల్ని ఎక్కించే ముందు ఆ స్క్రూ ఎంత బిగించారో మీరే అడిగి చూసుకోండి. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లకు మించి దూరకూడదు.

సగం దూరంలో అక్క బండి ఎడమకు లాగింది. సర్కారు తుమ్మ ముల్లు! ఈ టైర్లలో గాలి ఐదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చుట్టూ ఉంటుంది, కారు టైరులో ముప్పై దాటుతుంది. అంత మెత్తగా ఉంటేనే బండరాళ్ల మీద పట్టు దొరుకుతుంది. కానీ ఒక టైరులో ఒక్క పాయింట్ తగ్గినా బండి అటే గుంజుతుంది. మామూలు గేజీలో అంత తక్కువ గాలి సరిగా తెలియదు, దీనికి వేరే గేజీ ఉంది.

గైడ్ ముల్లును వెంటనే పీకలేదు. రంధ్రం మూసే రబ్బరు ప్లగ్గుకు జిగురు రాసి చేతిలో పెట్టుకున్నాకే పీకాడు. ముందే పీకితే ఉన్న గాలంతా పోతుంది. రంధ్రంలో రంపపు సూది తిప్పి, ప్లగ్గు దూర్చి, బయట మిగిలిన కొస కోసేశాడు. గాలి కొట్టి, రెండు వెనక టైర్లకూ గేజీ పెట్టి ఒక్కటే వచ్చేదాకా సరిచేశాడు. సబ్బు నీళ్లు చల్లి, బుడగలు రావట్లేదని చూసుకున్నాకే అక్కను మళ్లీ ఎక్కమన్నాడు.