చెన్నై నుంచి జర్మనీకి ఎమ్మెస్: ఏ కాగితం ముందు, ఏ డబ్బు ఎప్పుడు (నా అనుభవం)

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కు కట్టేది కాంట్రిబ్యూషన్ ఒక్కటే. ఊరిని బట్టి 100 నుంచి 350 యూరోల దాకా ఉంటుంది, చాలాచోట్ల బస్సు, ట్రామ్ పాసు కూడా అందులోనే వస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. అయితే చదువు ఉచితమైనా, వీసా చేతికి రావాలంటే పన్నెండు లక్షల దాకా ఒకేసారి చూపించాలి. ఆ డబ్బు ఎప్పుడు, ఏ దారిన కదపాలో తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ. నేను చెన్నైలో ఉండి కన్సల్టెన్సీ లేకుండా ఈ పనంతా చేసుకున్నాను. ఏది ముందు చేయాలో, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో రాస్తున్నాను.

ముందు మినహాయింపులు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో, అంటే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, హైడెల్‌బర్గ్ వైపు, 2017 నుంచి మనలాంటి వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. ఇక ‘మా సర్వీసు ఫ్రీ’ అనే కన్సల్టెన్సీలు చాలావరకు ప్రైవేటు యూనివర్సిటీల కమీషన్ మీద నడుస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీలు కమీషన్ ఇవ్వవు కాబట్టి వాటి పేర్లు అక్కడ పెద్దగా వినపడవు. కోర్సు ఏదైనా డాడ్ (DAAD, విదేశీ విద్యార్థులకు సమాచారం ఇచ్చే జర్మన్ సంస్థ) వెబ్‌సైట్‌లో వెతికి, ఫీజు గడిలో ఏముందో మీ కళ్లతో చూసుకోండి.

మన తెలుగువాళ్లకు మొదటి చిక్కు పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది: కొల్లి సాయికిరణ్. చెన్నైలో ఇంజనీరింగ్ చదివితే ఇక్కడి పద్ధతిలో పేరు తర్వాత ఇనిషియల్ ఒక్కటే పడుతుంది: సాయికిరణ్ కె. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో కొల్లి, పక్క గడిలో సాయి, కిరణ్ విడివిడిగా. మనకు ముగ్గురూ ఒక్కడే. జర్మనీలో ఫైలు తెరిచిన మనిషికి ముగ్గురు మనుషులు. హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్‌లో, స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించుకుంటే చాలావరకు తీరిపోతుంది. అందులో మూడు రూపాలూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఏ రూపం ఏ కాగితంలో ఉందో ఆ కాగితం నంబరుతో సహా రాయాలి. ఊరికే ‘ముగ్గురూ ఒకరే’ అని రాస్తే సరిపోదు. ఐఎల్ట్స్ మొదలుకుని ఆ తర్వాత నింపే ప్రతి ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, ఏ ఫారమూ మొదలుపెట్టకముందే రీఇష్యూ పెట్టుకోండి. మధ్యలో పాస్‌పోర్టు నంబరు మారితే అన్నిచోట్లా మళ్లీ తిరగాలి.

తర్వాత ఏపీఎస్. మన మార్కుల కాగితాలు అసలువేనని ఢిల్లీలో పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్ అది. 2022 నవంబరు 1 నుంచి స్టూడెంట్ వీసాకు తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. అక్టోబరులో మొదలయ్యే శీతాకాల సెమిస్టర్‌కు వెళ్లాలనుకుంటే అంతకుముందు ఏడాది చివరికల్లా ఇది పెట్టేయడం మంచిది. ఇక్కడ ఆలస్యం ఎక్కువగా స్కానింగ్ వల్లే జరుగుతుంది. మార్కుల షీటు వెనక వైపు స్కాన్ చేయరు, గ్రేడ్ల పట్టిక ఉండేదేమో అక్కడే. చెన్నైలో అరియర్ అంటారు, మనం బ్యాక్‌లాగ్ అంటాం, ఆ రాసిన పరీక్షల షీట్లు సిగ్గుపడి దాచేస్తారు. దాచకండి, అన్నీ కలపండి.

గ్రేడు లెక్క గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అప్లికేషన్ ఫీజులు వృథా అయ్యేది ఇక్కడే. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాసు. మన మార్కును అందులోకి మార్చే సూత్రం ఇది: గరిష్ఠంలోంచి మీ మార్కు తీసేయండి, దాన్ని గరిష్ఠానికీ పాసు కనిష్ఠానికీ మధ్య తేడాతో భాగించండి, 3 తో గుణించి 1 కలపండి. 10 కి 8.0 సీజీపీఏ ఉందనుకోండి. పాసు కనిష్ఠం 4 అయితే 2.0 వస్తుంది. 5 అయితే 2.2. 6 అయితే 2.5. మార్కు అదే, చదువు అదే, పాసు గీత ఎక్కడుందన్న దాన్ని బట్టి అర పాయింటు తేడా. చాలా కోర్సులు 2.5 దగ్గర తలుపు మూస్తాయి. అందుకే మీ రెగ్యులేషన్‌లో పాసు గ్రేడు పాయింటు ఎంతో ముందే చూసుకుని, అది కనపడేలా ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోండి. అన్నా యూనివర్సిటీ కింద చదివినవాళ్లకు దాన్ని ఇచ్చేది గిండీ క్యాంపస్‌లో.

గ్రేడు ఒక్కటే చూడరు. ‘గణితంలో ఇన్ని ఈసీటీఎస్ (యూరప్ పద్ధతి క్రెడిట్లు) ఉండాలి’ అని కోర్సు పేజీలో రాసి ఉంటే అది మాటవరసకు రాసింది కాదు. సిలబస్ పుస్తకంలోంచి మీ సబ్జెక్టులు తీసి, వాళ్లడిగిన విభాగాల కింద పట్టికగా పేర్చి పంపితే చూసేవాళ్ల పని తేలికవుతుంది, మీ ఫైలు నిలబడుతుంది.

చాలా యూనివర్సిటీలు అప్లికేషన్లు యూని-అసిస్ట్ ద్వారా తీసుకుంటాయి, విదేశీ విద్యార్థుల కాగితాలు వాటి తరఫున పరిశీలించే సంస్థ అది. ఒక సెమిస్టర్‌కు మొదటి అప్లికేషన్‌కు 75 యూరోలు, తర్వాత ఒక్కొక్కదానికి 30. ఆరు చోట్ల పెడితే 225 యూరోలు. శీతాకాలానికి సాధారణ గడువు జూలై 15, కానీ విదేశీ విద్యార్థులకు మే చివరికి, ఇంకా ముందే మూసేసేవి బోలెడు. గడువుకు ఎనిమిది వారాల ముందే పంపండి. ఏదైనా కాగితం తక్కువైతే వాళ్లు అడగడానికి, మీరు పంపడానికి సమయం మిగలాలి. కొన్ని యూనివర్సిటీలు యూని-అసిస్ట్ నుంచి వీపీడీ అనే కాగితం (మన మార్కులు పరిశీలించి ఇచ్చే ధ్రువీకరణ) మాత్రమే అడుగుతాయి. అది వచ్చాక యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా అప్లై చేయాలి. వీపీడీ రాగానే పని అయిపోయిందనుకుని ఊరుకుని సీటు పోగొట్టుకోవడం మామూలే.

ఇక బ్లాక్డ్ అకౌంట్, అంటే ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి, అక్కడికి వెళ్లాక నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా. మొదట్లో చెప్పిన పన్నెండు లక్షలు ఇవే. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి, నెలకు 992 చొప్పున మీకే తిరిగి వస్తుంది. ఖాతా ఎక్స్‌పాట్రియో, ఫింటిబా లాంటి కంపెనీల్లో ఇంట్లో కూర్చునే తెరవచ్చు. అసలు పని మన బ్యాంకు కౌంటర్ దగ్గర ఉంది. యూరో రేటులో ఒక్క రూపాయి తేడా అంటే 11,904 రూపాయలు. కాబట్టి ఒకే రోజు పొద్దున రెండు మూడు బ్రాంచిల్లో రేటు అడిగి, బేరమాడండి. అడిగితే తగ్గిస్తారు.

విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో పర్పస్ కోడ్ మీరే చూసి రాయించండి. చదువుకు ఎస్0305. విదేశంలో ఖాతా తెరుస్తున్నారు కదా అని కౌంటర్‌లో ఎస్0023 వేసేస్తుంటారు. అప్పుడది చదువు కింద లెక్కకు రాదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షల దాకా టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. పైన ఉన్నదాని మీద చదువుకైతే తక్కువ రేటు, ఖాతా తెరవడం లాంటి వాటికి 20 శాతం. యూరో నూరు రూపాయలనుకుంటే 11,90,400. పది లక్షలు దాటిన 1,90,400 మీద 20 శాతమంటే 38 వేల పైచిలుకు. రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు గాని, ప్రయాణానికి ముందు అంత డబ్బు ఇరుక్కుపోవడం కష్టం. అమ్మ పాన్ మీద సగం, నాన్న పాన్ మీద సగం పంపితే ఈ గొడవే ఉండదు. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణం సొమ్మయితే టీసీఎస్ అసలే లేదు.

చార్జీల గడిలో ‘అవర్’ అని పెట్టించండి, అంటే దారిలో చార్జీలన్నీ పంపేవాళ్లవే. ‘షేర్డ్’ పెడితే మధ్యలో ఉండే బ్యాంకు కొన్ని యూరోలు కోసుకుంటుంది. నాకు అదే జరిగింది. నాలుగు యూరోలు తగ్గినా ఖాతా నిండినట్టు కన్ఫర్మేషన్ రాదు, అది లేకపోతే వీసా ఫైలు కదలదు. ఆ కాస్త డబ్బుకు మళ్లీ పూర్తి బదిలీ చార్జీ కట్టాలి. మొదటిసారే ఓ యాభై యూరోలు ఎక్కువ వేయండి.

లోను తీసుకునేవాళ్లు శాంక్షన్‌కు ముందే మేనేజరును ఒకటి అడగాలి: ‘సార్, ఖర్చుల డబ్బు మొత్తం బ్లాక్డ్ అకౌంట్‌లోకి ఒకేసారి వేస్తారా?’ సెమిస్టర్‌కు ఇంత అని ఇచ్చే పద్ధతి ఉంటే ఆ లోను ఈ పనికి పనికిరాదు. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు. తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు 20 లక్షల దాకా ఇస్తాయి, అర్హత ఉన్నవాళ్లు తప్పక పెట్టుకోవాలి. అయితే ఆ డబ్బు అక్కడ దిగాక ఒక విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక రెండో విడతగా వస్తుంది. దాన్ని నమ్ముకుని బ్లాక్డ్ అకౌంట్ నింపలేం, ఆ మధ్యకాలానికి వేరే ఏర్పాటు ఉండాలి.

వీసా ఫీజు 75 యూరోలు. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ మూడూ చెన్నై కాన్సులేట్ పరిధిలోవే, బెంగళూరులో ఉండేవాళ్లకు అక్కడి కాన్సులేట్. 2025 జూలై 1 నుంచి తిరస్కరిస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకునే వీలు తీసేశారు. మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి, లేదా అక్కడి కోర్టుకు వెళ్లాలి. అందుకే మొదటి ఫైలే గట్టిగా ఉండాలి.

అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే ఆ ఊరి స్టుడీరెండెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి, భోజనం చూసే సంస్థ) హాస్టల్‌కు అప్లై చేయండి, వీసా వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. 992 లో 30 ఏళ్ల లోపు వాళ్లకు హెల్త్ ఇన్సూరెన్సే 140 యూరోల పైన పోతుంది. మిగిలినదాంట్లో నెల గడవడం అద్దె మీదే ఆధారపడుతుంది. కెమ్నిట్జ్, మాగ్డెబర్గ్ లాంటి తూర్పు ఊళ్లలో గది మ్యూనిక్‌తో పోలిస్తే చాలా చవక. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. జర్మన్ వస్తే మంచి పని దొరుకుతుంది. నుంగంబాక్కం రట్లండ్ గేట్‌లోని గోథే ఇన్‌స్టిట్యూట్‌లో ఇక్కడున్నప్పుడే మొదలుపెట్టండి.

దిగాక రెండు వారాల్లో ఇంటి చిరునామా నమోదు చేయించాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. నమోదు, అక్కడి బ్యాంకు ఖాతా అయ్యేదాకా మొదటి 992 చేతికి రాకపోవచ్చు. అద్దె, అడ్వాన్సు కోసం ఫారెక్స్ కార్డులో 1,000 నుంచి 1,500 యూరోలు వేసుకుని వెళ్లండి. ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్సు కార్డు పోస్టులోనే వస్తాయి. అక్కడ పోస్టుమాన్ గది నంబరు చూడడు, పెట్టె మీద పేరు చూస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. గదిలో దిగిన రోజే చిన్న కాగితం మీద, పాస్‌పోర్టులో ఉన్నట్టే, పేరు రాసి ఆ పెట్టెకు అతికించండి.