పెద్దాయన తిథి: మూడు తరాల పేర్లు, మూడేసి దోసిళ్ల నీళ్లు

దేవతాభ్యః పితృభ్యశ్చ మహాయోగిభ్య ఏవ చ |
నమః స్వాహాయై స్వధాయై నిత్యమేవ నమో నమః ||

శ్రాద్ధం మొదట్లో మూడుసార్లు, చివర మూడుసార్లు చదివే శ్లోకమిది. దేవతలకూ, పితరులకూ, మహాయోగులకూ ఒకే వరుసలో నమస్కారం. మునిమనవళ్లను కూడా ఎత్తుకుని, ఎనభై దాటి వెళ్లిపోయిన పెద్దాయన నిన్నమొన్నటిదాకా దర్భలు చేతబట్టి ఈ శ్లోకం చెప్పినవాడే. ముప్పయ్యో ఏట తండ్రిని పోగొట్టుకుని ఎనభై అయిదు దాకా బతికిన మనిషి ప్రతి అమావాస్యకూ తర్పణం విడిచి ఉంటే, అవి ఆరువందల ఎనభై దాకా అవుతాయి. ఇప్పుడు ఆయన కొడుకు అదే శ్లోకం చెబుతుంటే, 'పితృభ్యః' అన్నచోట ఆయన కూర్చుని ఉన్నాడు.

ఈ మార్పు జరిగేది సపిండీకరణంలో. శాస్త్రం ఏడాది నిండాక చేయమంటుంది, వాడుకలో పన్నెండో రోజే చేసేస్తున్నారు. పోయినాయన పిండాన్ని పొడుగ్గా చేసి, మూడు ముక్కలు చేసి, ఆయన తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. అప్పటిదాకా ప్రేత అని పిలిచిన మనిషిని అక్కణ్ణుంచి పితృదేవత అంటారు. దాంతో వరుసంతా ఒక మెట్టు జరుగుతుంది. వసురూపంలో పోయినాయన, రుద్రరూపంలో ఆయన తండ్రి, ఆదిత్యరూపంలో ఆయన తాత. మరి ఆయన ముత్తాత? ఆ పేరుకు ఇక విడిగా పిండం లేదు. ఇన్నేళ్లూ ఈ పెద్దాయన పలికాడు కాబట్టే ఆ పేరు ఇంట్లో నిలిచింది.

అలాగని ఆ ముత్తాతను వదిలేయరు. పిండాలు పెట్టాక చేతికి అంటుకున్న మెతుకుల్ని కింద పరిచిన దర్భల మొదళ్లకు తుడుస్తారు. ఆ మెతుకులు నాలుగు, అయిదు, ఆరో తరాలవారి భాగం. వాళ్లను లేపభాగులంటారు. పిండం అందుకునే తరాలు మూడు, మెతుకు అందుకునేవి మూడు, పెట్టేవాడితో కలిపి ఏడు. సపిండులంటే ఏడు తరాలనే లెక్క ఇదే. తొందరలో చాలామంది చేతిని చెంబు నీళ్లతో కడిగేసుకుంటారు. కడగడం తర్వాత, ముందు తుడవాలి. పురోహితుడు చెప్పడం మరిచిపోయినా కర్త, అంటే కార్యం చేసేవాడు, మరవకూడని పని ఇది.

పేర్ల దగ్గరికొస్తే, ఎక్కువ ఇళ్లలో ఇబ్బంది ఇక్కడే. పెద్దాయన ఉన్నన్నాళ్లు గోత్రం, మూడు తరాల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు, ఎవరి తిథి ఏనాడన్నది ఆయనకే నోటికి వచ్చు. ఆయన పోయాక పీటమీద కూర్చున్న పెద్దకొడుకు 'తాతగారి తండ్రి పేరేమిటి' అని చుట్టూ చూస్తాడు. అవ్వ ఉంటే ఆవిణ్ణి అడగండి, ఆవిడ అత్తింటి పేర్లన్నీ చెబుతుంది. ఆమె పుట్టింటి వరుస కూడా అప్పుడే రాసుకోండి, మాతామహ వర్గానికి, అంటే తల్లి తరఫు తాతల వరుసకు కావాలి. పాత పట్టాలు, దస్తావేజుల్లో పేరు పక్కన తండ్రి పేరు తప్పకుండా ఉంటుంది. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు వరుణ్ణి ఫలానావారి ముని మనవడు, మనవడు, కొడుకు అని పరిచయం చేస్తారు కదా, ఆ పెళ్లి చేయించిన పురోహితుడి పుస్తకంలో దొరకొచ్చు. ఎక్కడా దొరక్కపోతే దానికీ దారి ఉంది: పేరు తెలియని పితరులకు పృథివిలో, అంతరిక్షంలో, ద్యులోకంలో ఉన్నవారని మంత్రంతోనే పిండం ఇవ్వొచ్చు. గోత్రం తెలియకపోతే కాశ్యపం. అంతేగాని తోచిన పేరేదో కల్పించి చెప్పడం మాత్రం తప్పు.

తిథి లెక్క ఇంకో చిక్కు. కేలండర్‌లో ఆ రోజు గడిలో ఉండేది సూర్యోదయం వేళకున్న తిథి. 'ఏకాదశి ఉ. 9.12 వరకు' అని ఉంటే, పదకొండింటికి పోయినాయనది ద్వాదశి. ప్రాణం పోయిన వేళ ఉన్న తిథే లెక్క. విదేశంలో పోతే అక్కడి సమయమే చూడాలి. ఇంగ్లీషు తేదీ పట్టుకుని ప్రతి ఏడూ అదే రోజు పెట్టేవాళ్లు మొదటి ఏడాదికే పది పదకొండు రోజులు పక్కకు జరిగిపోతారు. మన చిత్తూరు, తిరుపతి వైపు ఇంకో మెలిక ఉంది. పక్కపక్క ఇళ్లలోనే తెలుగువారికి చాంద్రమానం, తమిళ సంప్రదాయం వారికి సౌరమానం. ఒకరి పంచాంగం ఇంకొకరు చూసి తిథి ఖాయం చేస్తే నెలే మారిపోయే ప్రమాదముంది.

అధికమాసంలో పోయినవారికి, అధికం లేని ఏడాదిలో అదే పేరున్న మాసంలో పెడతారు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మొదటి ఏడాది నడుమ ఇలా అధికమాసం వస్తే నెలనెలా పెట్టే మాసికం ఒకటి పెరుగుతుంది. మామూలుగా పన్నెండు మాసికాలు, వాటితో అదనంగా పెట్టే ఊనమాసికం, త్రైపక్షికం, ఊనషాణ్మాసికం, ఊనాబ్దికం కలిపి పదహారు. అప్పుడు పదిహేడు.

వేళ ఎప్పుడంటే, పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అనుకుంటే మధ్యాహ్నం 1.12 నుంచి 3.36 దాకా. తిథి ఆ వేళకు ఉండాలి. కార్యం మొదలుపెట్టేది కుతపకాలంలో, అంటే 11.36 నుంచి 12.24 మధ్య. పొద్దున తొమ్మిదింటికే భోక్తలకు, అంటే పితరుల స్థానంలో కూర్చుని భోంచేసేవారికి, వడ్డించేసి ఆఫీసులకు పరిగెత్తడం ఇప్పుడు మామూలైపోయింది. పురోహితుడికి ఆ రోజు ఇంకో రెండిళ్లు ఉండొచ్చు. వారం ముందే మాట్లాడుకుంటే ఆయనే వేళ సర్దుతాడు.

నిండుగా బతికిన పెద్దాయన కొడుకులు కూడా అరవై దాటినవాళ్లే అయ్యుంటారు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి మధ్యాహ్నం మూడింటిదాకా కడుపు మాడ్చుకుని, హోమం పొగలో కళ్లు తిరిగి పడటం భక్తి కాదు. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, మందు తీసుకుంటే వ్రతం చెడదని శాస్త్రమే చెప్పింది. పొద్దున ఒక గ్లాసు పాలు, అరటిపండు, మాత్ర వేసుకుని కూర్చోవచ్చు. కింద కూర్చోలేకపోతే ఎత్తుపీట.

తర్పణానికి కావలసినవి కొంచెమే. వంద గ్రాముల నల్ల నువ్వులు, ముందురోజే కడిగి ఇసుక పోయేలా గాలించి ఆరబెట్టినవి, వేయించనివి. దర్భల కట్ట. రాగి చెంబు, ఉద్ధరిణి, రాగి లేదా ఇత్తడి పళ్లెం. ఇనుము, స్టీలు వద్దు. మూడు దర్భలతో చేసిన పవిత్రం కుడిచేతి ఉంగరపు వేలికి. సంకల్పం తూర్పు ముఖంగా చెప్పుకుని, తర్వాత దక్షిణానికి తిరిగి జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకోవాలి. జంధ్యం లేనివారు ఉత్తరీయాన్ని అలాగే వేసుకుంటారు.

నీళ్లు విడిచేది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి. అది పితృతీర్థం. వేళ్ల చివరలనుంచి జారితే దేవతలకు ఇచ్చినట్టు. కొత్తగా చేసేవాళ్లు చెయ్యి ముందుకు వంచేస్తారు, నీళ్లు వేళ్లమీదుగా కారిపోతాయి. అరచేతిని బొటనవేలి వైపుకు వాల్చితే నీళ్లు వాటంతటవే దారి పడతాయి. నువ్వులు బొటనవేలి మొదట్లో చిటికెడు చాలు. గుప్పెడు పోసుకుంటే మొదటి ఉద్ధరిణికే అన్నీ కొట్టుకుపోయి తక్కిన రెండుసార్లకు వట్టి నీళ్లే మిగులుతాయి. ప్రతిసారీ చిటికెడు కొత్తగా తీసుకోవాలి. వరుస, గోత్రం, పేరు, రూపం చెప్పి 'స్వధా నమస్తర్పయామి' అని ఒక్కొక్కరికి మూడుసార్లు.

అవ్వ బతికే ఉంటే ఆడవారి వరుసలో తల్లి పేరు రాకూడదు. నాయనమ్మతో మొదలుపెట్టి పైకి మూడు తరాలు. అచ్చు పుస్తకం చూసి గబగబా చదివేసేవారు బతికున్న తల్లికి తర్పణం విడిచేస్తున్నారు. ఆ పేజీ మీద పెన్సిలుతో కొట్టేసి ఉంచుకోండి.

తండ్రి బతికున్న మనవళ్లకు తర్పణం లేదు. తాతమీద ఎంత ప్రేమ ఉన్నా అది వాళ్ల నాన్న విడవాల్సిందే. మనవళ్లు వడ్డించవచ్చు, దర్భలు అందించవచ్చు, ఆయన పేరున అన్నదానం చేయవచ్చు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి పెద్దల పేరున ఇచ్చే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. కూతురి కొడుక్కి మాత్రం ప్రత్యేక గౌరవం. శ్రాద్ధాన్ని పవిత్రం చేసేవి దౌహిత్రుడు, కుతపం, తిలలు అని మనుస్మృతి మూడే చెప్పింది. అందుకే ఆ రోజు కూతుళ్ల పిల్లల్ని పిలవకపోవడం పెద్ద లోటు.

తిరుపతిలో చాలామంది కపిలతీర్థం వెళతారు. వైష్ణవులు దీన్నే ఆళ్వారు తీర్థమంటారు. శేషాచలం నుంచి దూకే ధార, కింద పుష్కరిణి, చుట్టూ సంధ్యావందన మండపాలు. భాద్రపదం నాటికి ధార చాలాసార్లు సన్నగానే ఉంటుంది. ఈశాన్య రుతుపవనం వచ్చాకే దాని జోరు. భాద్రపదం చివర వచ్చే మహాలయ అమావాస్యనాడు అక్కడ నిలవడానికి చోటుండదు, మెట్లమీద నాచు, ఒలికిన నెయ్యి, తడి నువ్వులు కాళ్లకింద జారతాయి. పెద్దవయసు కర్త అయితే చెంబుతో నీళ్లు తెచ్చుకుని మండపంలో గోడవారగా కూర్చోవడం మేలు. తిలోదకం, అంటే విడిచిన నువ్వుల నీళ్లు, పళ్లెంలో పట్టి బయట చెట్టు మొదట్లో పోయాలి. దర్భలు, ప్లాస్టిక్ కవర్లు, పాత పంచెలు పుష్కరిణిలో వదిలితే పుణ్యం సంగతి ఏమోగాని ఆ నీళ్లలో మర్నాడు ఇంకొకరు స్నానం చేయాలి. మొదటి ఏడాది మహాలయం (ఆ అమావాస్యతో ముగిసే పక్షంలో పెట్టే శ్రాద్ధం) పెట్టకూడదని, ఏడాదిలోపు తిరుమల కొండ ఎక్కకూడదని చాలా ఇళ్లలో పట్టింపు. ఏడాదికి పెట్టే ఆబ్దికం అయ్యాక రెండూ మొదలుపెడతారు. మహాలయంలో ఆ మనిషి పోయిన తిథి వచ్చిన రోజునే పెట్టడం మంచిది. చతుర్దశి మాత్రం ఆయుధంతో పోయినవారికి కేటాయించిన తిథి. మామూలుగా ఆ తిథిన పోయినవారికి అమావాస్యనాడు.

ఇక వంట. ఈ వంటలో మిరపకాయ లేదు, మిరియమే. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ లేవు. అరటికాయ, కంద, చేమ, కాకర, పెసరపప్పు, మినపగారెలు, పరమాన్నం, నువ్వుండలు, అల్లం పచ్చడి. పోర్చుగీసువాళ్ల వెంట మిరప ఈ దేశానికి వచ్చింది పదహారో శతాబ్దంలో. పితృకార్యం వంట అంతకుముందరి వంటను అలాగే పట్టుకుని ఉంది. రోజూ కారం తినే నాలుకకు చప్పగా అనిపించినా, మిరప రాకముందరి పెద్దలు తిన్న రుచి దాదాపు ఇదే. పిండాలకు అన్నం కాస్త మెత్తగా వండి వెచ్చగా ఉండగానే నువ్వులు, తేనె, నెయ్యి కలిపి పిసకాలి. నెయ్యి ఎక్కువైతే పిండం విచ్చిపోతుంది, అన్నం చల్లారితే ముద్ద కట్టదు.

హోమం, భోక్తలు లేని ఇళ్లు మన జిల్లాలో ఎక్కువ. వాళ్లు స్వయంపాకం ఇస్తారు: ఇద్దరికి కడుపునిండేంత బియ్యం, కందిపప్పు, కూరగాయలు, బెల్లం, నెయ్యి, దక్షిణ. సంక్రాంతికో అమావాస్యకో పటం ముందు కొత్త పంచె, తువ్వాలు పెట్టి, ఆయనకు ఇష్టమైనది వండి ఆకేసి వడ్డిస్తారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు తినకుండా ఆదివారం గడవని తాతకు అవే పెట్టడం తక్కువ శ్రాద్ధమేమీ కాదు. ఎవరి ఇంటి ఆచారం వారికి శాస్త్రమే. కాకికి మాత్రం అన్ని ఇళ్లలోనూ ముద్ద పెట్టాలి. మేడమీద ఆకు పెట్టి చుట్టూ పదిమంది నిలబడి సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుంటే ఏ కాకి వాలుతుంది? పెట్టి కిందికి దిగిపోండి. చుట్టుపక్కల చెట్లు లేని కాలనీల్లో అరగంట చూసి, ఆ ముద్ద ఆవుకు పెట్టవచ్చు.

ఆబ్దికానికి తర్పణం అదే రోజు కాదు, మర్నాడు పొద్దున. పరేహని తర్పణమంటారు. ఎక్కువగా తప్పిపోయేది ఇదే. సాయంత్రం బస్సుకు చుట్టాలు వెళ్లిపోతారు, అలసిన కర్త ఆలస్యంగా లేచి కాఫీ తాగేస్తాడు. స్నానం చేసి, ఏమీ తినకముందే తండ్రి, తాత, ముత్తాతలకు మూడేసిసార్లు తిలోదకం విడిచి, చివర తడిగుడ్డ కొసను పిండాలి. మన వంశంలో పుట్టి పిల్లలు లేకుండా పోయినవారికి ఆ పిండిన నీళ్లు. పెద్దాయన తోబుట్టువుల్లో అలాంటి చిన్నతాతో మేనత్తో ఉండే ఉంటారు. ఇన్నేళ్లూ వాళ్లకోసం గుడ్డ పిండింది ఆయనే, ఇకమీదట కొడుకు పిండాలి. పవిత్రం ముడి విప్పేది ఆ తర్వాతే.